కమాన్లు మార్చిన వానాకాలం

1981, జూలై 3

జీపు మళ్లీ వాగులో ఆగిపోయింది. బాపు చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో నడిచి వచ్చాడు. వాగవతల మా చెరుకు ఉంది, నాలుగెకరాలు. వానలు మొదలైతే అది మాది కానట్టే.

డ్రైవర్ భిక్యా ఎడ్లు కట్టి లాగించి, పొద్దు గూకే వేళకు జీపును ఇంటికి చేర్చాడు. ఆగింది నీళ్లకు కాదట. వెనక చక్రాల నడుమ, ఇరుసుకు ఉండే ఇనుప గుండు రాయికి తగులుకుందట.

"జీపు బొడ్డు కిందికున్నది అక్క. జానెడు లేస్తె చాలు, గా వాగు ఏం లెక్క కాదు," అన్నాడు భిక్యా.

వాగు దాటి, మా చెరుకు దాటితే సేవ్యా తండా. భిక్యాది ఆ తండానే. లాలిది కూడా.

జానెడు.

జూలై 5

జీపుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. సీటు కింద, గోనెసంచిలో. సగం పేజీలకు గ్రీజు మరకలు. ఈ జీపు ఒకప్పుడు మిలిటరీది. వేలంలో ఎవరో కొన్నారు, వాళ్ల దగ్గర బాపు కొన్నాడు. ఇన్నేళ్లలో ఆ పుస్తకం ఎవరూ తెరవలేదు.

పొద్దంతా చదివాను. కమాన్ల గురించే ఇరవై పేజీలున్నాయి. విల్లులా వంచిన ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వాటినే మా దగ్గర కమాన్లు అంటారు. జీపు బరువంతా వాటి మీదే ఉంటుంది. వాటి వంపు ఎంత ఎక్కువైతే జీపు అంత పైకి లేస్తుంది. బొమ్మలు చక్కగా ఉన్నాయి.

రాత్రి బువ్వ తినేటప్పుడు బాపుతో అన్నాను: జీపు ఎత్తు పెంచితే చెరుకు దగ్గరికి రోజూ పోయి రావచ్చు, కూలీలను తీసుకుపోవచ్చు, నీ మోకాలుకు కూడా మంచిది.

బాపు అమ్మ వైపు చూశాడు. "నీ బిడ్డకు చెరుకు ఫికర్ ఎప్పట్నుంచి?" అన్నాడు.

నేను మజ్జిగ పోసుకున్నాను.

జూలై 9

దేవిదాస్ వచ్చాడు. బస్టాండు వెనక కమాన్ల దుకాణం ఆయనది. దేగ్లూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాటలో మరాఠీ పోలేదు. వాకిట్లో జీపు కిందికి దూరి పడుకున్నాడు. నేను అరుగు మీద పుస్తకంతో కూర్చున్నాను. ఆయన ముఖం కనబడదు. అంచేత మాట్లాడటం తేలికైంది. ఆయన కాళ్లతోనే మాట్లాడాను.

జీపును లేపడానికి మూడు దారులున్నాయట. ఇరుసుకూ కమానుకూ నడుమ ఇనుప గుట్కలు, అంటే దిమ్మలు, పెట్టడం ఒకటి. కమాన్ల కొసన వేలాడే లింకులు పొడుగు చేయడం ఒకటి. వంపు ఎక్కువున్న కొత్త కమాన్లు తెప్పించడం మూడోది.

"గుట్కలు పెట్టుండ్రి. జల్ది అయితది, సస్తల అయితది," అన్నాడు బాపు.

"పెడ్త పటేలా, నాదేం పోతది. వాగు నడుమ బోల్టు తెగితె ఇరుసు ఒక దిక్కు పోతది, నువ్వొక దిక్కు పోతవ్."

"మరి లింకులు?"

"స్టీరింగ్ కల్లు తాగినోని లెక్క తిరుగుతది. భిక్యాకు తోడు దొరుకుతది."

గడప దగ్గర కూర్చున్న భిక్యా, "నేను కల్లు బంద్ చేసిన కాకా," అన్నాడు.

"ఎప్పుడు?"

"నిన్న."

నేను కొత్త కమాన్లే వేయించాలన్నాను. పుస్తకంలో అలాగే ఉందన్నాను. కుదుపు తగ్గించే పాత షాకబ్జర్లు ఆ ఎత్తుకు అందవు కాబట్టి పొడుగువి కూడా కావాలన్నాను. గొంతు కొంచెం పెద్దదైనట్టుంది. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

దేవిదాస్ కిందినుంచే అన్నాడు: "పటేలా, మీ బిడ్డ సరిగ్గ చెప్పింది. బుక్కుల ఉన్నదంటె ఉన్నట్టే."

జూలై 10

బాపు సరే అన్నాడు.

జూలై 12

భిక్యాను లాలి గురించి అడగలేదు. తండాలో వానలు ఎట్లున్నాయని అడిగాను. బాగున్నాయన్నాడు.

నిజామాబాద్ కాన్వెంటులో నా మంచం పక్క మంచం లాలిది. ఆమె ఫీజు సిస్టర్లే కట్టేవాళ్లు. సెలవులకు ఇద్దరం ఒకే బస్సులో బాన్సువాడ దాకా వచ్చేవాళ్లం. దిగాక ఆమె తండాకు నడిచిపోయేది, నేను రిక్షా ఎక్కేదాన్ని. మెట్రిక్‌కు ముందే ఆమెను ఇంటికి పిలిపించుకున్నారు. తర్వాత హీరాలాల్‌తో పెళ్లయింది. నన్ను పిలిచింది. బాపు పంపలేదు. నేను గట్టిగా అడగలేదు కూడా.

రెండేళ్లయింది ఉత్తరం లేక. ఆఖరుగా రాసింది నేనే. జవాబు ఆమె రాయాలి.

జూలై 21

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక దుకాణం నుంచి ధరల పట్టిక వచ్చింది. అందులో రెండు రకాలున్నాయి. పలుచని పట్టీలవి మెత్తగా ఉంటాయి, కానీ కూలీలు ఎక్కితే కుంగిపోతాయి. మందపు పట్టీలవి పన్నెండు మంది ఎక్కినా ఎత్తు తగ్గవు. రెండు రోజులు ఆలోచించాను. పుస్తకం ఒళ్లో, పట్టిక చేతిలో. ఇంత ఇష్టంగా పరీక్షలకు కూడా చదవలేదు.

మందపువే పంపమని రాశాను. వాగులో ఎత్తు తగ్గకూడదు.

ముందు చక్రాల కమాన్లు రెండూ ఒకేలా ఉండకూడదని పుస్తకంలో ఉంది. ఎడమ వైపుది ఒక పట్టీ ఎక్కువతో గట్టిగా ఉండాలి. ఆ మాట ఎవరూ గమనించి ఉండేవాళ్లు కాదు. నేను గమనించాను. ఉత్తరంలో కింద గీత గీసి మరీ రాశాను.

ఇంగ్లీషులో చక్కని ఉత్తరం. మూడుసార్లు చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు.

ఆగస్టు 8

తండాలో తీజ్ అని భిక్యా సెలవడిగాడు. పెళ్లికాని పిల్లలు గంపల్లో గోధుమలు మొలకెత్తిస్తారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి, ఆఖరి రోజు వాగులో కలుపుతారు. తొమ్మిదో తరగతిలో ఉండగా లాలి నన్ను రమ్మంది. నీ పేరు మీద కూడా ఒక గంప వేస్తానంది. వేసింది కూడా. నేను పోలేదు. మొలకలు ఒక జానెడు లేచాయని పండగ అయి కాన్వెంటుకు తిరిగి వచ్చాక చెప్పింది.

"పెండ్లయినోళ్లు గంపలు వెయ్యరు గద?" అన్నాను భిక్యాతో.

"వెయ్యరక్క. పాట పాడ్తరు."

ఇంకేమైనా చెబుతాడేమోనని గడప దగ్గర నిలబడ్డాను. అతను సైకిలు ఎక్కాడు.

ఆగస్టు 9

వాన.

ఆగస్టు 17

వాన. రాణిగంజ్ నుంచి ఏమీ రాలేదు. తీజ్ అయిపోయి ఉంటుంది.

ఆగస్టు 24

ఇవాళ పెట్టె సర్దుతుంటే లాలి పాత రిబ్బను దొరికింది. ఉత్తరం దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది, ఆమె ఉత్తరాన్ని ఆమెకే తిరిగి పంపాను కదా. కాన్వెంటులో మాకు అది మామూలే. ఆదివారం ఉత్తరాలు రాసి సిస్టర్‌కు ఇస్తే, ఆవిడ ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేది. ఎవరి మీద ఎక్కువ ప్రేమ ఉంటే వాళ్లవి ఎక్కువ దిద్దేది. మేమిద్దరం కూడా ఒకరివి ఒకరం దిద్దుకునేవాళ్లం. ఆమె ఇంగ్లీషు మరిచిపోకూడదని దిద్దాను. వేరే ఏమీ లేదు.

సెప్టెంబర్ 11

కమాన్లు వచ్చాయి! నిజామాబాద్ పార్సిల్ ఆఫీసు నుంచి భిక్యా బస్సు మీద వేసి తెచ్చాడు. వాకిట్లో గోనెపట్టా మీద పరిచారు. నల్లగా, నూనెతో మెరుస్తున్నాయి. దేవిదాస్ ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి విన్నాడు. నేను చీటీ మీద రాసి ఇచ్చినట్టు సుద్దతో 'ఎడమ', 'కుడి' అని రాసుకున్నాడు.

అమ్మ వాటి చుట్టూ తిరిగి, "చీరెలు తెప్పియ్యమంటె ఎన్నడు ఇంత కుషీ గాలే గీ పిల్ల," అంది.

సెప్టెంబర్ 16

బిగించారు. జీపు లేచింది. ఎక్కడానికి నాకు పీట కావాలి. కానీ కుడి వైపుకు ఒరిగి నిలబడింది, ఒక కాలు నొప్పి ఉన్న మనిషిలా.

బాపు చుట్టూ తిరిగి చూశాడు. "ఇదేంది దేవిదాస్?"

"నీ డ్రైవర్ బరువేమో పటేలా."

"నేనింక ఎక్కనే లేదు కాకా," అన్నాడు భిక్యా.

ఎక్కాడు. ఇంకాస్త ఒరిగింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నేను లోపలికి వచ్చేశాను.

సెప్టెంబర్ 17

దేవిదాస్ పుస్తకం అడిగాడు. తెచ్చి ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూశాడు, ఒక్కొక్క పేజీ తడి వేలితో తిప్పుతూ. ఒక బొమ్మ దగ్గర ఆగి నవ్వాడు.

"బిడ్డా, ఇటు రా. స్టీరింగ్ ఏ దిక్కున్నది?"

బొమ్మలో స్టీరింగు ఎడమ వైపు ఉంది.

"మన జీపుకు?"

కుడి వైపు. మిలిటరీ నుంచి వచ్చాక ఎవరో మార్పించారు. డ్రైవర్ సీటుతో పాటు, దాని కింది పెట్రోలు ట్యాంకు కూడా కుడికి వచ్చింది. బరువు ఉన్న వైపు గట్టి కమాను ఉండాలని పుస్తకం ఉద్దేశం. బరువు ఎటుందో నేను చూడలేదు. పుస్తకంలో ఎడమ అంటే ఎడమ అని రాశాను. అరుగు దిగి ఐదడుగులు నడిస్తే కనబడేది.

"బుక్కుల అమెరికావోడు కూసున్నడు. మన జీపుల భిక్యా కూసున్నడు. నాదీ తప్పే బిడ్డా. బుక్కుల ఉన్నదంటివి గద అని నేను గుడ్డిగ బిగించిన."

భిక్యా, "అమెరికావోడు నాకంటె లావుంటడా కాకా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. బాపు కూడా.

ముందు కమాన్లు రెండూ అటుదిటు మార్చాలి. విప్పేటప్పుడు రెండు బోల్టుల మరలు పోయాయి. కొత్తవి వచ్చేదాకా జీపు రాళ్ల మీద నిలబడి ఉంటుంది.

అదే రోజు, రాత్రి

పుస్తకంలో తప్పు లేదు. నేను చదివిందీ తప్పు కాదు.

లాలి ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. నేను దిద్దినవన్నీ సరిగ్గానే దిద్దాను. వాళ్ల నాన్న పోయాడని రాసిన వాక్యంలోనే రెండు.

సెప్టెంబర్ 29

బోల్టులు రాలేదు. పరవాలేదు. తండావాళ్లు దీపావళి అయ్యాకే మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోతారని భిక్యా చెప్పాడు. వాగులో నీళ్లు తగ్గి, దారి ఆరితే గానీ మూటలు నెత్తిన పెట్టుకుని పిట్లం దాకా నడవలేరు. లారీ పిట్లం దగ్గరే ఆగుతుంది. లాలి, హీరాలాల్ కూడా పోతారట. ఒకసారి పోతే మళ్లీ ఉగాదికే రావడం.

దీపావళి అక్టోబర్ ఇరవై ఏడు. చాలా రోజులుంది.

అక్టోబర్ 6

జీపు వాగు దాటింది. బాపు, దేవిదాస్, భిక్యా పోయి చెరుకు చూసి వచ్చారు. గుండు ఒక్క రాయికీ తగల్లేదట. బాపు చెప్పులు పొడిగా ఉన్నాయి. అవతలి గట్టు మీద తండావాళ్లు నిలబడి చూశారట.

"ఎవరెవరున్నారు?" అన్నాను.

"ఉన్నరు శానమంది," అన్నాడు బాపు.

దసరా ఎల్లుండి. దసరా అయ్యాక పోతాను. ఏం మాట్లాడాలో అనుకుంటున్నాను. మొదటి మాట తెలుగులో చెప్పాలి.

అక్టోబర్ 10

పొద్దున్నే ముకద్దం మోతీరాం వచ్చాడు. కూలీలను మహారాష్ట్ర చెరుకు తోటలకు తీసుకుపోయేది అతనే. అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"నీ జీపు వాగు దాటిందట గద పటేలా. ఊళ్లె అంత అదే ముచ్చట."

"మా బిడ్డ చేయించింది. బుక్కు చూసి," అన్నాడు బాపు. నా గురించి బాపు అలా చెప్పడం ఎప్పుడూ వినలేదు.

"మంచి పని జేసింది. ఇగ నాకు దీపావళి దాక ఆగుడెందుకు? ఆడ ఫ్యాక్టరీ ముందుగాల్నే షురూ అయితుంది. జీపు కిరాయికియ్యి. నాలుగు ట్రిప్పులల్ల సేవ్యా తండా అంత పిట్లంల దించుత. పదమూడు నాడు."

బాపు నవ్వుతూ సరే అన్నాడు.

అక్టోబర్ 11

నేనే చేశాను.

అక్టోబర్ 12

చెరుకు చూసి వస్తానని బాపును అడిగాను. రేపు జీపులో భిక్యా పక్కన కూర్చుని పోయి వస్తానన్నాను. అమ్మ వద్దంది. "కూలోళ్ల నడుమ ఏం కూసుంటది?" అంది. బాపు, "జీపు ఆమె లేపింది. ఒక్కపారి ఎక్కనియ్యి," అన్నాడు.

అక్టోబర్ 13

వాగు దాటేటప్పుడు కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. నీళ్లు చక్రాల సగం దాకా వచ్చాయి. జీపు ఏనుగులా మెల్లగా ఎక్కింది. చెరుకు పక్కనుంచి పోయాం. నేను దాని వైపు చూడలేదు.

తండా మొదట్లోనే జనం మూటలతో నిలబడి ఉన్నారు. గిన్నెలు, గొంగళ్లు, కోళ్ల గంపలు, గోనెగుడ్డ చుట్టిన చెరుకు కత్తులు. నేను లాలిని గుర్తుపట్టలేదు. ఆమే పట్టింది.

"ప్రేమల?"

చంకలో పిల్ల ఉంది. ఎనిమిది నెలలుంటాయేమో. భిక్యా చెప్పలేదు. నేను అడగలేదు.

"భిక్యా మామ చెప్పలే నువ్వొస్తవని."

"చెరుకు చూద్దామని వచ్చిన," అన్నాను. వారం రోజులు అనుకున్న మాటల్లో అది లేదు.

"పిల్ల పేరు చాంద్రి," అంది లాలి.

మూడు ట్రిప్పులు అయ్యేదాకా నేను తండాలోనే ఉన్నాను. లాలి తన ఇంటి గడప మీద నాకు గొంగడి పరిచింది. తను నిలబడే మూట కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. పిల్లను నా ఒళ్లో పెట్టింది. పిల్ల నా కళ్లద్దాలు లాగింది. మాట్లాడటానికి మూడు గంటల సమయం ఉండింది.

మూట ముడి బిగిస్తూ లాలే అంది: "నీ ఎర్ర ఉత్తరం వచ్చింది."

నేను పిల్ల చేతిని చూస్తున్నాను.

"మా బాపు పోయిన పది దినాలకు. ఇంట్ల అందరున్నరు. పట్నం చదువు దోస్తు రాసింది, చదివి చెప్పు అన్నరు. మా అమ్మ ముంగట కూసున్నది. ఏం చెప్పాల్నో నాకు సమజ్ కాలే. 'నీ తండ్రి పోయిండని విని శాన ఏడ్చిన' అని రాసింది అని చెప్పిన."

ముడిని ఇంకోసారి లాగి చూసింది.

"మా అమ్మ ఇప్పటికి చెప్తది, ఆ పిల్ల మంచిది, ఏడ్చిందట అని."

"ఏడ్చిన," అన్నాను. అబద్ధం. అప్పుడు ఏడవలేదు.

"ఏడ్చే ఉంటవు," అంది లాలి. నా వైపు చూడలేదు.

నాలుగో ట్రిప్పులో మేము ఎక్కాం. హీరాలాల్ పొడుగ్గా, సిగ్గుగా ఉన్నాడు. నన్ను ముందు సీటులో కూర్చోమన్నాడు. నేను వెనక లాలి పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. పదముగ్గురం. కోళ్ల గంప నా కాళ్ల మీద. జీపు ఎత్తు తగ్గలేదు. మెత్తగా ఊగింది. గట్టు దిగేటప్పుడు లాలి భుజం నా భుజానికి ఆనింది. గట్టు దిగాక కూడా ఆనే ఉంది.

"దీపావళి ఇంట్లనే చేద్దమనుకున్నం," అన్నాడు హీరాలాల్ ఎవరితోనో. "జీపు దొరికిందని ముకద్దం లేపిండు. అయినా మంచిగయింది. పోయినేడు పిట్లం దాక నడిచెటాలకు దీని కాళ్లు వాచినయి. కడుపుతోని ఉండె."

లాలి నన్ను అడిగింది: "జీపు నువ్వే లేపిచ్చినవంట?"

"ఆ."

"ఎందుకు?"

పన్నెండు మంది ఉన్నారు. అయినా అందరూ మాట్లాడుకుంటున్నారు, కోళ్లు అరుస్తున్నాయి, ఇంజను చప్పుడు. మెల్లగా చెబితే లాలి ఒక్కతే వినేది.

"చెరుకు కోసం," అన్నాను.

"చెరుకు కొట్టెటోళ్లం మేం పోతున్నం. నీ చెరుకు ఎవలు కొడ్తరు?" అని నవ్వింది. కాన్వెంటు మంచం మీద దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వే నవ్వే. చాంద్రి ఉలిక్కిపడి లేచింది.

నేనూ నవ్వాను.

పిట్లంలో లారీ సిద్ధంగా ఉంది. మోతీరాం పేర్లు పిలుస్తున్నాడు. హీరాలాల్ ముందు ఎక్కి పిల్లను అందుకున్నాడు. లాలి చక్రం మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, నా చెంప మీద మసి ఉంటే బొటనవేలితో తుడిచింది. తర్వాత ఎక్కింది. లారీలో చాలామంది నిలబడ్డారు. పొడుగువాళ్లు ముందుకు వచ్చారు. ఆమె కనబడలేదు.

ఉత్తరం రాయమని అడుగుదామనుకున్నాను. అడ్రస్ అడుగుదామనుకున్నాను. లారీ బిచ్కుంద రోడ్డు మలుపు తిరిగింది.

వచ్చేటప్పుడు వెనకే కూర్చున్నాను, అదే చోట. ఖాళీ జీపు ఒకటే ఎగిరింది. చిన్న గుంటకు కూడా తల జీపు పైకప్పు గుడ్డకు తగిలింది. పోయేటప్పుడు మెత్తగా ఉంది కదా అన్నాను.

"గట్టి కమాన్లక్క. మనుషులుంటె ఊగుతది, లేకుంటె గిట్లనే కొడ్తది," అన్నాడు భిక్యా. "నలుగురిని ఎక్కించుకుంటె సరిపోతది."

ముందర రోడ్డు పక్కన ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన చేతులెత్తి నిలబడ్డారు. బాన్సువాడ పోయేవాళ్లే. భిక్యా వేగం తగ్గించాడు.

"ఆపాల్నా అక్క?"

వద్దన్నాను.